ఇక్కడేం పని? : చెరువు, పార్కు, దళితుల తీరిక

ఏ చిన్న పట్టణానికి పోయినా ఇప్పుడు ఒక చెరువు పార్కు కనబడుతుంది. ఒకప్పటి మంచినీళ్ళ చెరువో, ఊరి చెరువో అయి ఉంటుంది. దాని చుట్టూ ఇనుప కంచె, లోపల పలకలు పరిచిన నడకబాట, నాలుగు సిమెంటు బెంచీలు, పిల్లలకు జారుడుబల్ల, ఉయ్యాల. గేటు పక్కన ప్రారంభోత్సవ శిలాఫలకం. పొద్దున్నే రిటైరైన ఉద్యోగులు చేతులూపుకుంటూ నడుస్తారు. సాయంత్రం పిల్లలతో కుటుంబాలు వస్తాయి, గేటు ముందు పల్లీల బండి ఆగుతుంది. రాత్రికి గేటు మూస్తారు. వీళ్ళంతా రాకముందే, చీకటితోనే వచ్చి ఆ బాటంతా ఊడ్చి పోయే ఆడవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. వాళ్ళు ఊడ్చిన బాట మీద వాళ్ళెన్నడైనా ఊరికే నడిచారా? ఆ బెంచీ మీద ఎన్నడైనా కూర్చున్నారా? ఈ వ్యాసానికి మమ్మల్ని పురికొల్పింది ఈ చిన్న ప్రశ్నే.

శిలాఫలకం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. దాని మీద మంత్రి పేరుంటుంది, మంజూరైన సొమ్ము ఉంటుంది, తేదీ ఉంటుంది. ఆ గట్టు మీద కాలు పెట్టడానికి ఎవరికి ఎన్ని తరాలు పట్టిందో ఉండదు. మనం మాత్రం ఏం చేశాం? దళిత ఉద్యమం నీళ్ళ చరిత్ర రాసుకుంది. బావి దగ్గర కొట్లాట, చెరువు దగ్గర కొట్లాట, వాటిలో పోయిన ప్రాణాలు రాసుకుంది. రాసుకోవాల్సిందే. కాని అదంతా దాహం చరిత్ర. గొంతు ఎండినవాడికి నీళ్ళు ఇవ్వకపోవడం అన్యాయమని ఇవాళ అగ్రకులాలవాళ్ళు కూడా పైకి ఒప్పుకుంటారు. దాహం లేకుండా, పని లేకుండా, సాయంత్రం పూట చల్లగాలికి గట్టు మీద కూర్చోవడానికి వచ్చిన దళితుడి సంగతేమిటి? కులం అతన్ని ఎట్లా చూసింది? మేము చెప్పదలుచుకున్నది ఇదే: నీళ్ళ హక్కు, తీరిక హక్కు రెండు వేరువేరు పోరాటాలు కావు. మొదటిది గెలిచామనుకున్న చోట రెండోదాన్ని అడిగి చూస్తే మొదటిది నిజంగా ఎంత గెలిచామో తెలుస్తుంది.

పని ఉంటేనే గట్టు మీదికి

పాత చెరువు అందరిదీ అని చెప్పే మాట పచ్చి అబద్ధం. చెరువుకు రేవులుండేవి. తాగే నీళ్ళ రేవు ఒకటి, చాకిరేవు ఒకటి, పశువులు దిగే రేవు ఒకటి. గొడ్లు దిగిన నీళ్ళలో మాల మాదిగలు దిగకూడదు. తాగే నీళ్ళ రేవు పక్కన కుండ పెట్టుకుని, ఎవరో ఒక దయగలవాళ్ళు వచ్చి పైనుంచి పోసేదాకా ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపుల గురించి మన నాయనమ్మలు అమ్మమ్మలు ఇప్పటికీ చెబుతారు.

అట్లాగని దళితులు చెరువుకు దూరంగా బతికారా అంటే అదీ కాదు. చెరువు నడిచిందే వాళ్ళ మీద. తెలంగాణలో తూము ఎత్తి దించి, పొలాలకు నీళ్ళు పంచే నీరడి చాలా ఊళ్ళలో మాల మాదిగ కుటుంబాలవాడే. వానాకాలం రాత్రి కట్టకు గండి పడుతుందేమోనని లాంతరు పట్టుకుని కాపలా తిరిగింది అతనే. వెట్టికి పిలిస్తే తట్ట ఎత్తి కట్ట మీద మట్టి పోసింది మనవాళ్ళే. బావి నుంచి నీళ్ళు తోడే మోటకు తోలు బొక్కెన కుట్టి ఇచ్చింది మాదిగ. ఆ తోలు బొక్కెనలో వచ్చిన నీళ్ళతో పండిన వరి మైలపడలేదు, అది కుట్టిన చెయ్యి నీళ్ళలో పడితే మాత్రం మైల. ఈ లెక్క ఏ శాస్త్రంలోది? ఇది పనికి పనివాడు కావాలి, మనిషి మాత్రం వద్దు అనే లెక్క.

పండగ పూట కూడా ఇంతే. కట్ట మైసమ్మ జాతరకు డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు కావాలి. అతను గట్టు మీదికి రావచ్చు. ఊరి బతుకమ్మ ఒకచోట, వాడ బతుకమ్మ ఇంకోచోట ఆడిన ఊళ్ళున్నాయి. గుడి కోనేట్లో తెప్ప తిరిగితే దూరం నుంచి చూడాలి. అంటే దళితుడు గట్టు మీదికి రాకూడదని కాదు, పని ఉంటే రావాలి, పని అయ్యాక పోవాలి. పని లేకుండా కనబడితే ఒకటే ప్రశ్న: "ఏంరా, ఇక్కడేం పని?" పైకి మామూలు ప్రశ్న. కులమంతా అందులోనే ఉంది. తీరిక అనేది భూమిలాగే కొందరి ఆస్తి, మిగతావాళ్ళు ఆ ఆస్తికి కాపలాదార్లు అని ఆ ప్రశ్నకు అర్థం.

కాగితం మీది హక్కు, చౌదార్ చెరువు

ఈ ప్రశ్నకు మొదటి జవాబులు 1920లలో శాసనసభల్లో వచ్చాయి. 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తెచ్చిన తీర్మానం నెగ్గింది. ప్రజాధనంతో కట్టి నడిపే బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, ఆసుపత్రులు అంటరానివాళ్ళకు కూడా తెరవాలని అది చెప్పింది. మరుసటి సంవత్సరం, 1924లో, మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఇటువంటి తీర్మానమే నెగ్గించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే కనుక ఇది మన చరిత్ర కూడా. రోడ్లు, బావులు, చెరువులు, ప్రభుత్వ కార్యాలయాలతోపాటు ప్రజలు కూడే స్థలాలు కూడా ఆ తీర్మానంలో ఉన్నాయి. 1938లో ఎం.సి. రాజా చొరవతో అదే మద్రాసులో పౌర అనర్హతల తొలగింపు చట్టం కూడా వచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న తెలంగాణకు ఇవేవీ వర్తించలేదు.

కాగితం మీద హక్కు వస్తే గట్టు మీద ఏం జరిగింది? అందుకు మహాడ్ సాక్ష్యం. అక్కడి పురపాలక సంఘం 1924 జనవరి 5న తన చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. మూడేళ్ళు గడిచినా ఒక్క అంటరానివాడు ఆ నీళ్ళు ముట్టుకోలేకపోయాడు. 1927 మార్చి 20న, రెండు రోజుల సభ ముగిశాక, అంబేద్కర్ ముందు నడవగా వేల మంది బారులు తీరి చెరువుకు పోయి నీళ్ళు తాగారు. తర్వాత వీళ్ళు వీరేశ్వరుడి గుళ్ళోకి కూడా దూరబోతున్నారని పుకారు లేపి, పందిట్లో అన్నం తింటున్నవాళ్ళ మీద పడి కొట్టారు. చెరువు మైలపడిందని ఆవుపేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు అందులో పోసి శుద్ధి చేశారు. అదే ఏడాది ఆగస్టు 4న పురపాలక సంఘం తన పాత తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. చెరువు మా సొంతమని అగ్రకులాలవాళ్ళు డిసెంబరులో కోర్టుకెక్కి నిషేధపుటుత్తర్వు తెచ్చారు. డిసెంబరు 25న మళ్ళీ సభ జరిగింది, మనుస్మృతిని తగలబెట్టారు. ఉత్తర్వు ఉన్నందున చెరువు సత్యాగ్రహాన్ని మాత్రం వాయిదా వేసుకున్నారు. ఇది అనాదిగా వస్తున్న ఆచారమని వాదులు రుజువు చేసుకోలేకపోయారని బొంబాయి హైకోర్టు తేల్చింది 1937 మార్చి 17న. దోసెడు నీళ్ళకు పదేళ్ళు!

ఆ నీళ్ళు తాగకపోతే మనం చచ్చిపోమని, తాగితే అమరులమూ కామని, అందరిలాగా మనమూ మనుషులమేనని చాటడానికే చెరువుకు పోతున్నామని అంబేద్కర్ ఆ డిసెంబరు సభలో చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. దీన్ని మనం ఉద్యమపు నినాదంగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. కొంచెం ఆగి ఆలోచిస్తే మహాడ్ అసలు దాహం పోరాటం కాదని ఆ మాటే చెబుతుంది. పట్టణం నడిబొడ్డున ఉన్న ఒక బహిరంగ స్థలంలో అవసరం లేకపోయినా నిలబడే హక్కు కోసం జరిగిన పోరాటం అది.

దౌలతాబాద్: సరదాగా వెళ్ళినవాళ్ళు

మహాడ్ కన్నా తక్కువగా చెప్పుకునే చెరువు ఇంకొకటుంది. 1934లో ఉద్యమ సహచరులు కొందరు నాలుగు చోట్లు చూసివద్దామని అంబేద్కర్‌ను అడిగారు. ఆయన సరేనన్నాడు. సభ లేదు, తీర్మానం లేదు, సత్యాగ్రహం లేదు. ఏళ్ళ తరబడి ఉద్యమంలో అలిసినవాళ్ళు ఊళ్ళు చూడబోయారు, అంతే. సుమారు ముప్పై మంది. ఎల్లోరా గుహలు చూడాలంటే ఔరంగాబాద్ దారిన పోవాలి, అది నిజాం రాజ్యం, మన తెలంగాణ అప్పుడున్న రాజ్యమే. దారిలో దౌలతాబాద్ కోట చూద్దామని ఆగారు. రంజాన్ నెల. కోట ద్వారం బయట అంచుదాకా నిండిన చిన్న చెరువు, చుట్టూ వెడల్పుగా రాతి పలకలు. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు కనుక కొందరు ఆ పలకల మీద కూర్చుని మొహం, కాళ్ళు కడుక్కున్నారు.

లోపలికి పోబోతుంటే తెల్లగడ్డపు ముసలాయన ఒకరు వెనకనుంచి అరుస్తూ వచ్చాడు, ధేడ్లు చెరువును మైలపరిచారని. క్షణాల్లో జనం మూగారు. బూతులు తిట్టారు. మేం పైఊరివాళ్ళం, ఇక్కడి కట్టడి మాకు తెలియదని వీళ్ళు చెబితే, ముందే చెప్పలేదేమని అక్కడి అంటరానివాళ్ళ మీద పడ్డారు. మీ మతం ఇదే నేర్పుతుందా, ఒక అంటరానివాడు రేపు ముసల్మాను అయితే అప్పుడూ ఈ నీళ్ళు ముట్టుకోనివ్వరా అని అంబేద్కర్ నిలదీశాకగాని వాళ్ళు చల్లబడలేదు. చివరికి కోట చూడనిచ్చారు, కాని లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడమని తుపాకీ పట్టుకున్న సిపాయిని వెంట పంపారు. ఇదంతా అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు. ఆయన పోయిన చాలా కాలానికి, 1990లో, అది పుస్తకంగా వచ్చింది.

ఈ సంఘటనను తురకల మీద నేరం మోపడానికి వాడుకునేవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక సంగతి గుర్తుచెయ్యాలి. 1927 డిసెంబరులో మహాడ్ సభకు హిందువులెవరూ జాగా ఇవ్వకపోతే తన జాగా ఇచ్చింది ఒక ముస్లిం. కులం ఒక మతం గోడల మధ్య ఆగదు, పక్క మతంలోకీ పాకుతుంది అన్నదే దౌలతాబాద్ చెప్పే పాఠం. మా వ్యాసానికి సంబంధించిన పాఠం ఇంకొకటి: న్యాయశాస్త్రం చదివి, లండన్‌లో గుండ్రబల్ల సమావేశాల్లో కూర్చుని వచ్చిన మనిషి కూడా సరదాగా ఒక చెరువు గట్టున కూర్చోలేకపోయాడు. ఉద్యమకారుడిగా పోయినప్పుడు కర్రలతో ఎదురొచ్చిన కులం, యాత్రికుడిగా పోయినప్పుడు తుపాకీతో వెనక నడిచింది. ఆ సిపాయి అడగకుండానే అడిగింది అదే ప్రశ్న: ఇక్కడేం పని?

రాజ్యాంగంలో చెరువు పక్కన ఏముంది?

రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగాన్ని మన విద్యార్థులు బట్టీ పడతారు గాని దాని వరసను గమనించరు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ అడ్డుకోరాదన్న స్థలాలు అందులో రెండు జాబితాలుగా ఉన్నాయి. మొదటి దాంట్లో దుకాణాలు, హోటళ్ళు, ప్రజా వినోద స్థలాలు. రెండో దాంట్లో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కూడే స్థలాలు. ఇవి పూర్తిగా గాని కొంత గాని ప్రభుత్వ సొమ్ముతో నడిచేవో, ప్రజల వాడుకకు అంకితమైనవో అయితే చాలు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ దీన్ని చర్చించింది. స్నానఘట్టాలన్న మాట ముసాయిదాలో లేదు, సభలో చేరింది.

వినోదం, చెరువు, కూడే స్థలం ఒకే అధికరణంలో పక్కపక్కన ఎందుకున్నాయి? తాగే నీళ్ళు ఇచ్చి, గట్టు మీద కూర్చోనివ్వకపోతే అది సమానత్వం కాదు, ధర్మం చెయ్యడం. ధర్మం చేసే చెయ్యి పైన ఉంటుంది, పట్టే దోసిలి కిందనే ఉంటుంది. ఆ సంగతి చౌదార్ చెరువు దగ్గరా దౌలతాబాద్ చెరువు దగ్గరా నిలబడ్డ మనిషే ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది, ఇదే దారిలో నడిచింది. వినోదమంటే ప్రదర్శన, ఆట, క్రీడ, ఏ రకం ఉల్లాసమైనా అని నిర్వచించింది. చెరువును, స్నానఘట్టాన్ని, ప్రజలు కూడే స్థలాన్ని ఒకే వరసలో పెట్టింది.

ఇప్పటి చెరువు పార్కు ఈ అన్నిటి కిందికీ వస్తుంది. అది చెరువు, అది బాట, అది కూడే స్థలం, అది వినోద స్థలం. ప్రజల సొమ్ముతో నడిచేది. 15వ అధికరణానికి బొమ్మ గీయమంటే చెరువు పార్కు బొమ్మే గీయాలి.

కారంచేడు, చుండూరు

ఆ అధికరణం తెలుగు నేల మీద ఎట్లా అమలైంది? 1985 జూలై 16 సాయంత్రం, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువు మెట్ల మీద ఒక కమ్మ కుర్రాడు బర్రెల కుడితి బకెట్లు కడిగాడు. మురుగు తాగే నీళ్ళలోకి పోతోందని అడ్డుచెప్పారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త తన మీదికి లేచిన దెబ్బకు బిందె అడ్డం పెట్టి ఎదురుతిరిగింది. మర్నాడు ఊరు ఊరంతా గూడెం మీద పడింది. ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాల చేరి అక్కడే స్థిరపడ్డారు. దళిత మహాసభ పుట్టింది ఈ నెత్తుటిలోంచే. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు.

ఆరేళ్ళ తర్వాత చుండూరు. 1991 జూలైలో తెనాలి సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని రెడ్డి కుర్రాడికి తగిలింది. అక్కణ్ణించి మొదలై సాంఘిక బహిష్కారం దాకా పోయి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసేదాకా వచ్చింది. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఒకటి చెరువు దగ్గర మొదలైంది, ఇంకొకటి వినోద స్థలంలో. 15వ అధికరణంలోని రెండు జాబితాలూ ఆరేళ్ళ తేడాలో నెత్తురు కారాయి. ఇది కాకతాళీయం అని మేము అనుకోము. నీళ్ళ దగ్గర కాని, తెర ముందు కాని, దళితుడు పక్కవాడితో సమానంగా మసిలిన క్షణంలోనే దెబ్బ పడింది. చెరువు వేరైనా సరే, మురుగు వదిలే హక్కు పైకులానికి ఉండాలి. టికెట్టు ఒకటే అయినా సరే, కాలు ముడుచుకునే బాధ్యత దళితుడికే ఉండాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితులు వాడే నీళ్ళను పాడుచెయ్యడాన్నీ, ప్రజలు కూడే స్థలానికి పోయే దారిని అడ్డుకోవడాన్నీ నేరాలు చేసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఇంకా ముందుకుపోయి, దళితులు బహిరంగ స్థలాల్లో సైకిలో మోటారుసైకిలో ఎక్కకుండా, చెప్పులో కొత్త బట్టలో వేసుకోకుండా అడ్డుకోవడాన్ని కూడా నేరాల్లో చేర్చింది. కొత్త బట్టలు వేసుకుని నడవడం చట్టంలోకి ఎక్కాల్సి వచ్చిందంటే తీరిక ఎంత ఖరీదైనదో చూడండి.

పార్కు గేటు దగ్గర

2015లో మొదలైన మిషన్ కాకతీయలో భాగంగా తెలంగాణలో నియోజకవర్గానికొక చెరువును మినీ ట్యాంక్‌బండ్ చేస్తామన్నారు. 2022లో కేంద్రం జిల్లాకు 75 అమృత సరోవరాలన్నది. ఆంధ్రలో పురపాలక సంఘాలు మంచినీళ్ళ చెరువుల చుట్టూ నడకబాటలు వేశాయి. వీటిని మేము తిట్టిపొయ్యడం లేదు. పాత చెరువును స్వర్గంగా చూపించి పార్కును నరకంగా చూపించే పర్యావరణవాదులతో మాకు పేచీ ఉంది. పాత చెరువుకు రేవులుండేవి, పార్కుకు రేవులు లేవు. వాడ నుంచి వచ్చిన అమ్మాయి బూట్లు వేసుకుని పొద్దున్నే ఆ బాట మీద నడుస్తున్నదంటే అది ఆమె ముత్తవ్వకు కలలో కూడా లేనిది. దాన్ని చిన్నచూపు చూడగూడదు.

కాని గేటు దగ్గర ఆగి చూడాలి. టికెట్టు పెట్టిన చోట పిల్లలు నలుగురున్న కూలి కుటుంబం లోపలికి పోదు. కూలివాళ్ళు పనికి పోయేముందు తెరిచి, పని నుంచి వచ్చేలోపు మూసే పార్కు ఎవరి కోసం? కంచె వేశాక చేపలు పట్టేవాళ్ళ, బట్టలు ఉతికేవాళ్ళ, గొడ్లను తోలుకొచ్చేవాళ్ళ దారి ఏమైంది? సుందరీకరణ పేరుతో గట్టు పక్క గుడిసెలు లేపేస్తే వాటిలో ఉన్నది ఎవరు? నలుగురు కుర్రాళ్ళు బెంచీ మీద కూర్చుంటే, వాళ్ళ బట్టలు, మాట, రంగు చూసి కాపలావాడు అడిగేది మళ్ళీ అదే: "ఇక్కడేం పని?" ఆ కాపలావాడు కూడా తరచుగా మన వాడవాడే కావడం ఇంకో విషాదం.

ఇది కులం కాదు, డబ్బు సంగతి అనే మిత్రులున్నారు. డబ్బు సంగతి కూడా. కాని ఊడ్చే చీపురు తరతరాలుగా ఒకే వాడ నుంచి ఎందుకు వస్తున్నది? దానికి డబ్బు లెక్క జవాబు చెప్పదు. పని పేరుతో లోపలికి, పని అయ్యాక బయటికి అన్న పాత చెరువు కట్టడి పార్కులో ఉద్యోగ నిబంధనగా మారింది. మనిషి మారలేదు, చేతిలోని తూము గడె పోయి చీపురు వచ్చింది.

అందుకని కార్యకర్తలకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటుంది. మీ ఊరి చెరువు చరిత్ర రాయండి. వాడలోని ముసలివాళ్ళ దగ్గర కూర్చుని అడగండి: ఏ రేవు ఎవరిది? కట్టకు మట్టి మోసింది ఎవరు? నీరడి ఎవరు? గట్టు మీద మొదట చెప్పులతో నడిచింది ఎవరు, ఏ సంవత్సరం, ఏమైంది? తర్వాత పురపాలక కార్యాలయానికి పోయి సమాచార హక్కు చట్టం కింద పార్కుకు ఎవరి సొమ్ము ఖర్చయిందో, గేటు వేళలు ఎవరు పెట్టారో, ఊడ్చేవాళ్ళకు జీతమెంతో, సెలవు ఉందో లేదో అడగండి. ప్రజల సొమ్ము ఒక్క రూపాయి ఉన్నా 15వ అధికరణం ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నట్టే. ఊడ్చేవాళ్ళకు వారానికొక సాయంత్రం సెలవు కావాలని అడగడం కూడా ఆ అధికరణం కోసం పోరాడటమే.

మహాడ్‌లో మన పెద్దలు దోసెడు నీళ్ళు తాగి, మేమూ మనుషులమే అన్నారు. ఆ మాటలో సగం పని ఇంకా మిగిలి ఉంది. తెల్లవారుజామున బాట ఊడ్చిన ఆమె, సాయంత్రం తన మనవరాలితో అదే గేటులోంచి వచ్చి, పల్లీల పొట్లం విప్పుకుని, చెరువు వైపు చూస్తూ బెంచీ మీద కూర్చోవాలి. ఎవరైనా వచ్చి ఇక్కడేం పని అని అడిగితే, ఏం పనీ లేదు, ఊరికే కూర్చున్నాం అని చెప్పగలగాలి.